ఒక్క నిమిషము ఊపిరి లెక్కపెట్టండి

చలికాలము వచ్చిందంటే మందిరములో వాక్యము కంటే దగ్గులే ఎక్కువ వినిపిస్తాయి. ఆరాధన ముగిశాక ఎవరో ఒకరు వచ్చి, "అయ్యగారూ, నెమ్ము చేసింది, ప్రార్థన చేయండి. ఆస్పత్రికి వెళ్ళాలంటారా?" అని అడుగుతారు. ప్రార్థన తప్పక చేస్తాను. రెండవ ప్రశ్నకు మాత్రము చాలాకాలము తోచిన జవాబే చెప్పాను.

ఒక జనవరిలో, డెబ్బయి యేళ్ళు దాటిన ఒక మామ్మగారి ఇంటికి వెళ్ళాను. జ్వరము లేదు, దగ్గూ పెద్దగా లేదు. "చలిగాలి తగిలింది, వాము కషాయం ఇవ్వండి" అని చెప్పి వచ్చేశాను. రెండోనాటికి ఆమె కన్నకొడుకునే పోల్చుకోలేదు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి న్యుమోనియా అన్నారు. ముసలివారికి ఒక్కోసారి జ్వరమే రాదట. మత్తు, తడబాటు, అన్నము మానడమే గుర్తులట. ప్రభువు కృపవలన ఆమె కోలుకున్నది.

దగ్గు చప్పుడు కాదు, ఊపిరి చూడమని అక్కడి డాక్టరమ్మ నాకు నేర్పింది. మనిషి నెమ్మదిగా ఉన్నప్పుడు, పసిబిడ్డయితే ఏడవనప్పుడు, నిండా ఒక నిమిషము రొమ్ము ఎన్నిసార్లు లేస్తున్నదో లెక్కపెట్టాలి. పెద్దలకు మామూలుగా 12 నుండి 20. అది 30కి చేరితే ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్ళలోపు 40 చేరినా అంతే. డొక్కలు లోపలికి పోతున్నా, పెదవులు నీలమైనా, బిడ్డ పాలు తాగలేకపోయినా లెక్కలతో పనిలేదు, 108కి ఫోను చేయండి.

న్యుమోనియా అనగానే అందరినీ ఆస్పత్రిలో ఉంచరు. తేలికైనదైతే మాత్రలిచ్చి ఇంటికే పంపుతారు; చెప్పినన్ని రోజులు మింగాలి. షుగరు, ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు, వృద్ధులు మాత్రము ముందుగానే చూపించుకోవాలి.

మిగతా దగ్గులు చాలావరకు వైరసువలన వచ్చేవే. అన్నము తింటూ, ఊపిరి బాగుంటే విశ్రాంతి, వేడినీళ్ళు చాలు. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. పోయినసారి మిగిలిన రెండు మాత్రలు మింగడము, ఊళ్ళో ఒక సూది పొడిపించుకోవడము నాకు బొత్తిగా నచ్చని అలవాట్లు. తగ్గిన జ్వరము మళ్ళీ వస్తే చూపించుకోండి. తెమడలో రక్తము పడినా, దగ్గు రెండు వారాలు దాటినా తెమడ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆస్పత్రిలో అది ఉచితము. టీబీ మాటకు సిగ్గుపడి ఆగవద్దు.

డాక్టరు దగ్గరకు పోతే విశ్వాసము తగ్గినట్లా అని అడిగేవారున్నారు. లూకా వైద్యుడని మన సండేస్కూలు పిల్లలకు సహితము తెలుసు గదా!

ఇప్పుడు ఏ ఇంట దగ్గుకు ప్రార్థించబోయినా ముందు నా చేతి గడియారము చూస్తాను. అయ్యగారికి ఏదో తొందర ఉన్నదని కొందరు అనుకుంటారు. అనుకోనివ్వండి.