పులి లెక్క... నడిచొస్తుంది!

'ఆంధ్రప్రదేశ్‌లో పులులు 63, తెలంగాణలో 21'.

2023 జులై 29న, ప్రపంచ పులుల దినోత్సవం నాడు విడుదలైన నివేదికలోని అంకెలివి. పేపర్లో చూశాం. 'పర్లేదే, ఇక్కడ పెరిగాయి' అనో 'అయ్యో, అక్కడ తగ్గాయి' అనో అనుకున్నాం. పేజీ తిప్పేశాం. ఇంతకీ ఆ పులుల్ని లెక్కపెట్టిందెవరు? మన ఇంటికి జనాభా లెక్కలవాళ్లు వచ్చినట్టు పులి గుహ దగ్గరికెళ్లి తలుపు కొడితే కుదరదు కదా! పైగా పులి మనిషి అలికిడి వినబడగానే పక్కకు తప్పుకునే జంతువు. ఏళ్ల తరబడి అడవిలో తిరిగినా దాన్ని కళ్లారా చూసింది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లేననే వాచర్లు ఉంటారు.

మరి లెక్క ఎలా తేలుతుంది? కాళ్లతో. అవును, 2022 లెక్కల కోసం దేశవ్యాప్తంగా 20 రాష్ట్రాల అడవుల్లో సిబ్బంది నడిచిన దూరం 6,41,449 కిలోమీటర్లు. భూమి చుట్టూ 16 సార్లు తిరిగి వచ్చినంత! ఆ నడకలో ముందు నడిచేవాళ్లు ప్రొటెక్షన్ వాచర్లు, పులి జాడ తీసే ట్రాకర్లు, కెమెరాలు మోసే సహాయకులు. వాళ్లలో చాలామందికి పెద్ద చదువుల్లేవు. పర్మినెంటు ఉద్యోగమూ లేదు. కానీ దేశమంతా చూసే నివేదికకు మొదటి అక్షరం పడేది వాళ్ల కళ్లముందే.

నల్లమలే ఆఫీసు

కృష్ణకు అటూ ఇటూ పరుచుకున్న నల్లమల 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక అభయారణ్యమూ రెండయింది. ఆంధ్రప్రదేశ్ వైపున్నది నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. తెలంగాణ వైపున్నది అమ్రాబాద్, 2,611 చదరపు కిలోమీటర్లు. 1990ల్లోనూ 2000 తొలి ఏళ్లలోనూ నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య పోరుతో అటవీ సిబ్బంది లోపలికి వెళ్లడమే కష్టంగా ఉన్న అడవి ఇది. ఇప్పుడు అదే అడవిలో బేస్ క్యాంపులున్నాయి.

బేస్ క్యాంపు అంటే అతిథిగృహం అనుకునేరు! ఓ చిన్న గది, సోలార్ దీపం, నీళ్ల డ్రమ్ము, వైర్‌లెస్ సెట్టు, నలుగురైదుగురు మనుషులు. బియ్యం, పప్పు కింది నుంచి తెచ్చుకోవాలి. వంట వాళ్లదే, కాపలా వాళ్లదే. తెల్లారగానే తమ బీటులో నడక మొదలవుతుంది. ఎక్కడన్నా చెట్టు కొట్టారా, పొగ లేస్తోందా, ఉచ్చు బిగించారా, నీటి గుంటలో నీళ్లున్నాయా, ఏ జంతువు ఎటు పోయింది... అన్నీ చూసుకుంటూ, రాసుకుంటూ సాగాలి. ఇప్పుడు నడిచిన దారంతా ఫోన్‌లోని 'ఎం-స్ట్రైప్స్' అనే యాప్‌లో నమోదవుతుంది. క్యాంపులో కూర్చుని 'తిరిగొచ్చాం' అని రాయడానికి కుదరదన్నమాట.

ఎండాకాలమొస్తే పని రెట్టింపు. వాగులు ఎండిపోతాయి. సాసర్ పిట్లని పిలిచే సిమెంటు తొట్లలో నీళ్లు నింపాలి. నిప్పు పాకకుండా ఫైర్ లైన్లు శుభ్రం చేయాలి. వానాకాలంలో దారులు తెగిపోతాయి, జలగలూ దోమలూ సరేసరి.

నేలను చదివే విద్య

మనం పేపరు చదివినట్టు ట్రాకర్ నేలను చదువుతాడు. దుమ్ములో ఓ అడుగు కనిపించిందనుకోండి. గోళ్ల గుర్తులు పడ్డాయా? అయితే రేసుకుక్కో దుమ్ములగొండో అయి ఉంటుంది. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి వాటి గుర్తు పడదు. వెనక పాదం చదరంగా ఉంటే మగపులి, కాస్త పొడుగ్గా ఉంటే ఆడపులి అనుకోవచ్చు. చిన్న పాదం కనిపిస్తే చిరుతా, పులి పిల్లా? చుట్టూ వెతకాలి. పిల్లయితే తల్లి అడుగులూ దగ్గర్లోనే ఉంటాయి.

ఎప్పటి అడుగు? అంచులు పదునుగా ఉంటే కొత్తది. అడుగు మీద మంచుబొట్లు పడిన గుర్తులుంటే తెల్లారకముందే వెళ్లిపోయింది. దాని మీదుగా పురుగులు పాకిన గీతలుంటే ఇంకాస్త పాతది. అడుగులే కాదు... చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు, కాళ్లతో నేలను గీరిన చారలు, వెంట్రుకలున్న మలం - ఇవన్నీ పులి వదిలివెళ్లిన ఉత్తరాలే. ఆ మలాన్ని జాగ్రత్తగా సేకరించి పంపితే ల్యాబొరేటరీలో డీఎన్‌ఏ పరీక్ష చేసి అది ఏ జంతువుదో తేలుస్తారు.

కళ్లొక్కటే చాలవు, చెవులూ కావాలి. కొండముచ్చు చెట్టు మీంచి దగ్గినట్టు అరిచినా, దుప్పి కీచుమన్నా, కణితి 'ఢాంక్' మన్నా పులో చిరుతో కదులుతోందని అర్థం.

ఈ విద్య నల్లమలలో చెంచులకు వెన్నతో పెట్టింది. తేనె కోసం, గడ్డల కోసం తరతరాలుగా తిరిగిన అడవి వాళ్లది. ఏ చెలమలో ఏ నెల దాకా నీళ్లుంటాయో, ఏ లోయలో ఎలుగుబంటి పడుకుంటుందో మ్యాపు లేకుండా చెప్పగలరు. అందుకే వాచర్లుగా, ట్రాకర్లుగా అటవీశాఖ చెంచు యువకులను తీసుకుంటోంది. మరోవైపు కోర్ ప్రాంతంలోని చెంచు పెంటలను బయటికి తరలించాలా వద్దా అన్న చర్చ ఏళ్లుగా నడుస్తూనే ఉంది. అడవిని ఇంతగా చదవగలిగినవాళ్లు దూరమైతే ఆ చదువూ వాళ్లతోపాటే పోతుందన్నది మాత్రం ఆలోచించాల్సిన మాటే.

సరిస్కా నేర్పిన పాఠం

ఒకప్పుడు పులుల లెక్కంటే పాదముద్రల లెక్కే. 1966లో ఒడిశాకు చెందిన అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి ఆ పద్ధతికి రూపమిచ్చారు. అడుగు మీద గాజు పలక పెట్టి గీత గీసుకోవడం, దాన్నిబట్టి ఇది ఫలానా పులి అని తేల్చడం. కానీ ఒకే పులి అడుగు మెత్తటి మట్టిలో ఒకలా, గట్టి నేలలో ఒకలా పడుతుంది. గీసే చేతిని బట్టీ మారుతుంది. ఒక పులి రెండైపోయే ప్రమాదముంది.

ఆ ప్రమాదమెంతటిదో రాజస్థాన్‌లోని సరిస్కా చూపించింది. కాగితాల మీద అక్కడ పులులున్నాయి. 2005లో నిజంగా వెతికితే ఒక్కటంటే ఒక్కటీ లేదు! వేటగాళ్లు అన్నిటినీ మట్టుబెట్టేశారు. లెక్క బాగానే ఉందన్న ధీమాలో అసలు పులులు పోయిన సంగతే తెలియలేదు. దేశమంతా ఉలిక్కిపడింది. ప్రధాని టైగర్ టాస్క్ ఫోర్స్ వేశారు. ఆ తర్వాత జాతీయ పులుల సంరక్షణ సంస్థ వచ్చింది. లెక్క పద్ధతే మారిపోయింది.

483 ఫొటోలకు ఒక పులి

ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరిగే లెక్కలో మొదటి మెట్టు నడకే. ప్రతి బీటులో బాటల వెంటా వాగుల వెంటా ఐదేసి కిలోమీటర్లు నడిచి మాంసాహార జంతువుల జాడలు రాసుకుంటారు. మరోచోట 2 కిలోమీటర్ల తిన్నని గీత వెంట చప్పుడు చేయకుండా నడుస్తూ దుప్పులు, కణితులు, మనుబోతులు, అడవిపందులు ఎన్ని, ఎంత దూరంలో కనిపించాయో నమోదు చేస్తారు. తిండి ఉంటేనే కదా పులి ఉండేది!

ఆ తర్వాత కెమెరాల వంతు. అడవిని 2 చదరపు కిలోమీటర్ల గళ్లుగా విభజించి, పులి నడిచే దారికి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. రెండెందుకు? పులి చారలు మన వేలిముద్రల్లాంటివి. ఏ రెండు పులులకూ ఒకలా ఉండవు. ఒకే పులికి కుడివైపు చారలు, ఎడమవైపు చారలు కూడా వేరు. రెండు పక్కలా ఫొటో పడితేనే అది ఫలానా పులని ఖాయంగా చెప్పగలరు.

వినడానికి తేలికే. ఏ చెట్టుకు కట్టాలి? మోకాలెత్తులో ఉందా? ముందున్న గడ్డి గాలికి ఊగి కెమెరా ఊరికే క్లిక్‌మనకుండా కోశామా? బ్యాటరీ ఉందా? మెమరీ కార్డు నిండిందా? ఇవన్నీ చూసేది మళ్లీ ఆ సహాయకులే. పులి ఏ మలుపులో తిరుగుతుందో తెలిసినవాడు చెట్టు చూపించకపోతే ఎంత ఖరీదైన కెమెరా అయినా ఉత్త డబ్బానే.

2022లో 32,588 చోట్ల కెమెరాలు పెట్టారు. పడిన ఫొటోలు 4 కోట్ల 70 లక్షల పైచిలుకు. అందులో పులులవి 97,399. అంటే సుమారు 483 ఫొటోలు వడపోస్తే ఒక పులి ఫొటో! మిగతావన్నీ దుప్పులూ పందులూ నెమళ్లూ ఎలుగులూ... ఒక్కోసారి కట్టెలకొచ్చిన మనుషులు. చారలు పోల్చి చూస్తే విడివిడిగా తేలిన పులులు 3,080. కెమెరా చేరని చోట్లనూ లెక్కలోకి తీసుకుని దేశంలో సగటున 3,682 ఉన్నట్టు అంచనా వేశారు.

'ఏమీ లేదు' అని రాయడమూ పనే

ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైంది ఏమిటో తెలుసా? పులిని వెతకడం కాదు. రోజంతా నడిచి సాయంత్రం ఫారంలో 'ఏ జాడా కనిపించలేదు' అని నిజాయతీగా రాయడం. ఖాళీ గడి చూస్తే చిన్నతనంగా ఉంటుంది. ఏదో ఒకటి నింపేద్దామనిపిస్తుంది. కానీ ఆ సున్నా చాలా విలువైనది. పోయిన నెల జాడలున్న వాగులో ఈ నెల లేవంటే ఏదో జరిగింది. నీళ్లయినా ఎండిపోయి ఉండాలి, దుప్పులైనా తగ్గి ఉండాలి, ఉచ్చైనా పడి ఉండాలి. అడవిపందుల కోసం పొలాల అంచుల్లో పెట్టే కరెంటు తీగలకూ ఉచ్చులకూ పులులు బలైన ఘటనలు మన దగ్గరా ఉన్నాయి. ఆ సున్నాను దాచిపెడితే సరిస్కాయే అవుతుంది. రాస్తే, మిగిలినవాటినైనా కాపాడుకునే వీలుంటుంది.

టీ-108 ఎక్కడ?

2023 మార్చిలో నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులి పిల్లలు దొరికాయి. కుక్కలు పీకేస్తాయేమోనని ఊరివాళ్లు వాటిని ఓ గదిలో భద్రంగా ఉంచారు. రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. తల్లి ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు సిబ్బంది దగ్గర ఓ జవాబుంది: టీ-108. అంతకుముందే కెమెరాల్లో చిక్కి నంబరు పడిన ఆడపులి అది.

పదుల కొద్దీ కెమెరాలు కట్టారు. అడుగుల వెంట రాత్రీ పగలూ వెతికారు. తల్లి తిరిగొచ్చి పిల్లల్ని తీసుకెళుతుందని ఎదురుచూశారు. కుదరలేదు. చివరికి పిల్లల్ని తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించాల్సి వచ్చింది. కథ సుఖాంతం కాలేదు. కానీ అంత పెద్ద అడవిలో తప్పిపోయిన తల్లిని నంబరుతో వెతకగలిగారంటే అది ఏళ్లుగా సాగిన నడక పుణ్యమే.

ప్రాణం పణంగా...

2021 నవంబరులో మహారాష్ట్రలోని తాడోబా అభయారణ్యంలో ఇదే లెక్క కోసం జాడలు రాసుకుంటూ వెళుతున్న ఓ మహిళా ఫారెస్టు గార్డు ఆడపులి దాడిలో మరణించారు. వెంట ముగ్గురు సహాయకులున్నా కాపాడలేకపోయారు. మన అడవుల్లో పులికన్నా ఎలుగుబంటి భయమే ఎక్కువ. ఎదురుపడితే తప్పుకోదు, మీదికొస్తుంది. పాములు, వడదెబ్బ, జ్వరాలు ఉండనే ఉన్నాయి. రాత్రిపూట వేటగాళ్లు ఎదురైతే చేతిలో ఉండేది చాలాసార్లు ఓ కర్ర, ఓ టార్చిలైటు.

ఇంత చేసినా ఎక్కువమంది రోజుకూలీ, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ మనుషులే. ఉద్యోగ భద్రత కావాలి, జీతం నెలనెలా చేతికందాలి, బీమా ఉండాలి... దేశంలో ఎన్నోచోట్ల వాచర్లు ఏళ్లుగా అడుగుతున్నది ఇదే. పులి కోసం కోట్లు ఖర్చుపెట్టే దేశానికి పులి జాడ తీసేవాడి ఇంట్లో పొయ్యి వెలుగుతోందో లేదో చూసుకోవడం పెద్ద బరువేమీ కాదు.

మీ పిల్లలకు అడివంటే ఇష్టమా?

ఈ రంగంలోకి దారులు లేకపోలేదు. ఫారెస్టు బీటు ఆఫీసర్ ఉద్యోగాలను రెండు రాష్ట్రాల్లోనూ పబ్లిక్ సర్వీస్ కమిషన్లు భర్తీ చేస్తాయి. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే డెహ్రాడూన్‌లోని భారతీయ వన్యప్రాణి సంస్థలో, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి శాస్త్రం మీద పీజీ కోర్సులున్నాయి. అలా చదివినవాళ్లు అభయారణ్యాల్లో బయాలజిస్టులుగా పనిచేస్తారు. అయితే మొదటిరోజు వాళ్లు వెంట నడవాల్సింది మాత్రం చదువుకోని ఆ ట్రాకర్ వెనకే.

ఇక అడవిలో ఉద్యోగం చేయకపోయినా మనం చేయగలిగింది కొంత ఉంది. శ్రీశైలం వెళ్లేటప్పుడు నల్లమల దారిలో కారు నెమ్మదిగా పోనివ్వండి. రాత్రి 9 గంటలకు చెక్‌పోస్టు గేటు వేసేస్తే విసుక్కోకండి. జంతువులు రోడ్డు దాటే వేళ అది. కోతులకు చిప్స్ వేయకండి, ప్లాస్టిక్ సంచీ కిటికీలోంచి విసరకండి. మనం పడేసింది మర్నాడు ఏరాల్సింది కూడా ఆ వాచరే. అతని కాళ్లకు పులి జాడ వెతికే పని చాలినంత ఉంది!