కప్పేయకముందే కొలవాలి... ఫొటో తీయాలి

ధాన్యం నిల్వకు ఓ గది కట్టుకుందామనో, పాడి పశువులకు పక్కా కొట్టం వేద్దామనో రైతులు ఎన్నాళ్లుగానో అనుకుంటుంటారు. పంట మీద మిగిలిన సొమ్ముకు కొంత అప్పు జతచేసి పని మొదలుపెడతారు. కట్టడం పూర్తయి రంగు వేశాక చూస్తే అంతా బాగానే ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ మూల నెర్రె ఇస్తుంది. స్లాబు కింద పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వ బయటపడుతుంది. మేస్త్రీని అడిగితే ‘‘మీరు చూస్తుండగానే కట్టాం కదండీ’’ అంటాడు. కాదనడానికి రైతు దగ్గర ఆధారం ఉండదు. మేస్త్రీ పని నిజంగా మంచిదే అయినా, అది చూపడానికి అతని దగ్గరా ఏమీ ఉండదు.

కట్టడంలో బలాన్నిచ్చేవన్నీ లోపల దాగేవే. పునాది మట్టిలో కలిసిపోతుంది. ఇనుము కాంక్రీటులో మునిగిపోతుంది. ఇటుక మీద పూత పడుతుంది. వీటిని చూసే అవకాశం కొద్ది గంటలే దొరుకుతుంది. ఆ గంటల్లో టేపు, తూకం గుండు, తాడుతో పెద్దలు చేసే పాత తనిఖీ చేసుకోవాలి. చూసినదాన్ని చేతిలోని ఫోనులో భద్రం చేసుకోవాలి. రెండూ కలిస్తేనే ప్రయోజనం.

సామాను దిగినప్పుడే...

ఇటుకలు రెండు తీసుకుని ఒకదానితో ఒకటి తట్టాలి. ఖంగుమని మోగాలి. ఓ ఇటుకను పొడిగా తూచి, ఇరవై నాలుగు గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచాలి. బరువు నూటికి 20 వంతులకు మించి పెరగరాదు. అంటే మూడు కిలోల ఇటుక నానాక 3.6 కిలోలు దాటకూడదు.

ఇసుకను గాజు సీసాలో సగం పోసి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు పోసి బాగా కుదపాలి. మూడు గంటలు కదలకుండా ఉంచితే ఇసుక అడుగున, ఒండ్రు పైన పేరుకుంటాయి. ఒండ్రు పొర నూటికి ఎనిమిది వంతులు మించితే ఆ ఇసుకను కడిగించాలి, లేదా తిప్పి పంపాలి.

సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మూడు నెలలు దాటిన సిమెంటు బలం తగ్గుతుంది. గడ్డలు కట్టినదాన్ని అసలు వాడరాదు.

చువ్వలకు కాటా పెట్టాలి. మీటరు పొడవు ముక్క 8 మి.మీ. అయితే సుమారు 395 గ్రాములు, 10 మి.మీ. అయితే 617, 12 మి.మీ. అయితే 888 గ్రాములు తూగాలి. అయిదారు శాతం తేడా సహజమే. అంతకు మించి తగ్గితే సన్న చువ్వ వచ్చినట్టే.

పునాది దగ్గర...

ముగ్గు పోసినప్పుడే మూలలు చూసుకోవాలి. మూల నుంచి ఒక వైపు మూడు అడుగులకు, రెండో వైపు నాలుగు అడుగులకు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య తాడు పట్టాలి. సరిగ్గా అయిదు అడుగులు వస్తే మూల సరిపోయినట్టు. ఎదురెదురు మూలల మధ్య కొలతలు రెండూ సమానంగా ఉండాలి.

నల్లరేగడి నేలల్లో మరింత జాగ్రత్త అవసరం. ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. గోడలు నెర్రెలివ్వడానికి చాలాచోట్ల ఇదే కారణం. పునాది గట్టి నేల తగిలేదాకా తీయాలా, అడుగున మొరం నింపాలా అన్నది ఇంజినీరు స్థలం చూసి చెప్పాల్సిన విషయం. ఆయన చెప్పిన లోతు వచ్చిందో లేదో నాలుగు మూలలా టేపు దించి చూడటం మాత్రం మన పని.

కాంక్రీటు పోసే రోజు...

మొదట ఇనుము చూడాలి. చువ్వలెన్ని, ఎంత దూరంలో ఉన్నాయి, రింగులు ఎంతెంత ఎడంలో కట్టారు అన్నది నక్షాతో సరిచూసుకోవాలి. చువ్వకు, కాంక్రీటు బయటి అంచుకు మధ్య తగినంత మందం ఉండాలి. స్లాబులో 20 మి.మీ., దూలంలో 25 మి.మీ. సాధారణంగా ఉంచుతారు. స్తంభంలో 40, పునాదిలో 50 మి.మీ. ఉండాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. ఇందుకోసం చువ్వల కింద సిమెంటు బిళ్లలు పెట్టాలి. కంకర రాయి ఎగదోస్తే అది పోత సమయంలో జారిపోతుంది. చువ్వ అడుగుకు ఆనుతుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది.

నీళ్ల విషయంలోనే ఎక్కువ తప్పు జరుగుతుంది. పని తేలిగ్గా సాగాలని కూలీలు జారుగా కలుపుతారు. ఎం-20 రకం కాంక్రీటుకు బస్తా సిమెంటుకు 30 లీటర్లు మించకూడదు. తడి ఇసుకలోని నీళ్లూ ఈ లెక్కలోకే వస్తాయి. కొలత ఉన్న బకెట్టు ఒకటి మిక్సరు దగ్గర పెట్టి, దానితోనే పోయించాలి.

పోత అయ్యాక కనీసం ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి. మన ఎండలకు, ఇప్పుడు ఎక్కువగా వస్తున్న పీపీసీ రకం సిమెంటుకు పది రోజులకు తగ్గరాదు.

ఫొటో ఎలా తీయాలి?

ఎటుబడితే అటు తీసిన ఫొటోలు వందున్నా పనికిరావు. ప్రతి దశలోనూ మూడు చాలు. మొదటిది దూరం నుంచి, చుట్టుపక్కల చెట్టో, బావో కనిపించేలా తీయాలి. రెండోది దగ్గర నుంచి తీయాలి. మూడోది టేపు ఆనించి, అంకెలు చదవడానికి వీలుగా తీయాలి. టేపు లేని ఫొటో చూసి చువ్వల ఎడం నాలుగంగుళాలో, ఏడంగుళాలో ఎవరూ చెప్పలేరు.

తేదీ, స్థలం ఫొటో మీదే ముద్రపడే కెమెరా యాప్‌లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంచాలి. పొలంలో సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, కాస్త ఆలస్యమవుతుంది అంతే. అయితే ఆరుబయట కూడా ఇది అయిదు మీటర్ల వరకు అటూ ఇటూ చూపుతుంది. ఫొటో ఎక్కడిదో చెప్పడానికి జీపీఎస్ సరిపోతుంది గానీ, గుంత కొలవడానికి టేపే కావాలి.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గుతుంది. లోపల నమోదైన తేదీ, స్థలం వివరాలూ పోతాయి. అందుకని ‘డాక్యుమెంటు’గా పంపాలి. రైతు, మేస్త్రీ, ఇంజినీరు కలిసి ఓ గ్రూపు పెట్టుకుంటే, పట్నంలో ఉన్న ఇంజినీరు ఇనుము చూసి పోత పోయవచ్చో, ఆపాలో చెప్పగలుగుతాడు. పోతకు ముందు రోజు సాయంత్రమే పంపాలి. మిక్సరు తిరుగుతుండగా పంపితే ఎవరూ పని ఆపరు.

దీంతోపాటు ఓ నోటు పుస్తకం పెట్టుకోవాలి. తేదీ, చేసిన పని, కొలత, వాడిన బస్తాలు, ఫొటో నంబరు రాసి మేస్త్రీ చేత సంతకం చేయించాలి. ఫోను పోయినా పుస్తకం మిగులుతుంది. పుస్తకం తడిసినా ఫోనులో ఉంటుంది.

ఫొటోనే తనిఖీ అనుకోవద్దు

సర్కారు పనులు ఇందుకు మంచి పాఠం. ఉపాధి హామీ పనుల్లో 2017 నవంబరు నుంచి పనికి ముందు, మధ్యలో, పూర్తయ్యాక అని మూడు దశల్లో స్థలం వివరంతో ఫొటోలు ఎక్కించే పద్ధతి వచ్చింది. కూలీల హాజరుకూ 2023 జనవరి నుంచి ఫొటోలు తప్పనిసరి చేశారు. అయినా పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోను చూపి మళ్లీ తీసిన ఫొటోలు ఎక్కుతున్నాయని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే 2025 జులైలో రాష్ట్రాలకు రాసింది. అదే ఉపాధి పనుల మీద ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన సామాజిక తనిఖీల్లో మనుషులు పని దగ్గరికి వెళ్లి, టేపు పట్టి కొలిచి, కూలీలను అడిగి, గ్రామసభలో లెక్క చదివారు. మనిషి వెళ్లి చూడనిచోట ఫొటో ఉత్త బొమ్మే.

చివరిగా, మేస్త్రీకి ఈ సంగతి పని మొదలుపెట్టే రోజే చెప్పాలి. దొంగచాటుగా తీస్తే అనుమానం పెరుగుతుంది. పునాది, స్తంభాలు, స్లాబు, పూత అని దశలుగా విడగొట్టి, కొలతలు సరిచూశాకే ఆ దశ డబ్బు ఇస్తానని ఒప్పుకోవాలి. సరిగా చేసినచోట వెంటనే చెల్లించాలి. తప్పు కనిపిస్తే కప్పేయకముందే సరిచేయించుకోవాలి. పోతకు ముందు రెండు చువ్వలు మార్చడం గంట పని. పోశాక అదే తప్పు దిద్దాలంటే స్లాబు పగలగొట్టాల్సిందే.