కొలంబోలో శని, ఆదివారాలు: చవక వెనుక ఉన్న వెల

కొలంబో కోట రైల్వే స్టేషను ఎదుట రోడ్డు దాటితే పేట్టా బజారు మొదలవుతుంది. శనివారం ఉదయం ఎనిమిది గంటలకే అక్కడ అడుగు తీసి అడుగు వేయడం కష్టం. బస్తాలతో నిండిన తోపుడు బండ్లను లాగుతూ 'నాట్టామి' అని పిలువబడే కూలీలు జనాన్ని అదిలిస్తూ సాగిపోతుంటారు. కాలిబాట పొడవునా రబ్బరు చెప్పులు, గొడుగులు, అనాసకాయలు, ఎండుచేపలు పరచి ఉంటాయి.

ఉద్యోగరీత్యా పరాయిదేశంలో నివసించేవారికి వారంలో అయిదు రోజులు కార్యాలయం, ఇల్లు తప్ప మరో లోకం తెలియదు. ఆ దేశాన్ని కళ్లారా చూసేది మిగిలిన రెండు రోజుల్లోనే. 2021 చివర కొలంబో చేరిన మా కుటుంబానికి శ్రీలంక పరిచయమైనది ఈ శని, ఆదివారాలలోనే. చౌకగా తిని, చౌకగా కొని, తీరికగా తిరిగిన ఆ రెండు రోజుల ఆనందానికి మరొక పార్శ్వం కూడా ఉన్నదని గ్రహించడానికి మాత్రం కొంతకాలం పట్టింది.

కోట వెలుపలి పేట

పేట్టా అనే మాటకు మూలం తమిళంలోని 'పేట్టై'. మన 'పేట' కూడా అదే కోవకు చెందినది. కోట లోపల పాలకులు, కోట వెలుపల వర్తకులు అన్న ఏర్పాటు తెలుగువారికి కొత్త కాదు. పోర్చుగీసువారు, డచ్చివారు, బ్రిటిషువారు వరుసగా ఏలిన ఆ కోట గోడలు పందొమ్మిదో శతాబ్దంలోనే నేలమట్టమయ్యాయి. పేట మాత్రం మిగిలింది.

ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క వీధి. కైజర్ వీధిలో బట్టలు, మొదటి అడ్డవీధిలో విద్యుత్ పరికరాలు, గాబోస్ సందులో ఆయుర్వేద మూలికలు, సముద్ర వీధిలో బంగారం. ఆ సముద్ర వీధిలోనే తమిళుల కదిరేశన్ ఆలయాలున్నాయి. కొద్దిదూరంలో ఎరుపు తెలుపు చారలతో 1909లో పూర్తయిన జామీ ఉల్ అల్ఫర్ మసీదు, ఆవల డచ్చివారు కట్టిన 1757 నాటి వుల్వెండాల్ చర్చి. బేరమాడేవారికి సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడూ అక్కరకు వస్తాయి.

పేట్టాకు వెళ్లినపుడు మా ఇంటి ఇల్లాలి చేతిలో ఒక ఖర్చుల పుస్తకం ఉండేది. అందులో రెండు గళ్లు. ఒకదానిలో శ్రీలంక రూపాయలు, రెండవదానిలో అవి భారతీయ రూపాయలలో ఎంత అన్న లెక్క. మా జీతం స్వదేశంలోనే, మన రూపాయలలోనే జమ అయ్యేది. కాబట్టి ఆ రెండవ గడియే మాకు ముఖ్యం.

లెక్క తారుమారైన సంవత్సరం

2022 ఆరంభంలో మన వేయి రూపాయలకు సుమారు 2,700 శ్రీలంక రూపాయలు వచ్చేవి. అదే ఏడాది మే నెలకు అవి 4,500 దాటాయి. మార్చి మొదటివారంలో 200 వద్ద ఉన్న డాలరు విలువ రెండు నెలల్లో 360 రూపాయలకు చేరడమే దీనికి కారణం. మా జీతంలో ఒక్క పైసా పెరగకుండానే మేము ధనవంతులమయ్యాము.

ఆ ధనంతో కొనడానికి మాత్రం ఏమీ దొరకలేదు. 2019 నాటి ఈస్టరు బాంబు దాడులు, వెనువెంటనే కోవిడ్ పర్యాటక రంగాన్ని దెబ్బతీశాయి. 2019 చివర ప్రకటించిన పన్నుల కోత ఖజానాను, 2021లో రసాయన ఎరువులపై విధించిన నిషేధం వ్యవసాయాన్ని కుంగదీశాయి. వాడుకోదగిన విదేశీ మారక నిల్వలు 5 కోట్ల డాలర్ల లోపునకు పడిపోయాయని 2022 మేలో ఆర్థికమంత్రి పార్లమెంటులోనే వెల్లడించారు. అంతకు ముందే, ఏప్రిల్ 12న, విదేశీ రుణాల చెల్లింపులు నిలిపివేస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది.

మార్చి ఆఖరున రోజుకు 13 గంటలు విద్యుత్తు లేదు. 2021 అక్టోబరుకు ముందు 1,500 రూపాయల లోపు ఉన్న వంటగ్యాసు సిలిండరు 2022 ఏప్రిల్‌లో 4,860 రూపాయలైంది. అదైనా దొరికితే భాగ్యమే. 2021 డిసెంబరులో లీటరు 177 రూపాయలున్న పెట్రోలు ఆరు నెలల్లో 470కి చేరింది. ఆ నెలల్లో మా శనివారాలు బజారులో కాక సిలిండరు వరుసలో గడిచాయి. వరుసలో మా ముందు నిలిచినవారి జీతాలు శ్రీలంక రూపాయలలో వచ్చేవి. ఏ మార్పు మా సంచిని బరువెక్కించిందో, అదే మార్పు వారి సంచిని తేలిక చేసింది.

ఆప్పం చెప్పిన ఆర్థికం

శ్రీలంక భోజనం తెలుగు నాలుకకు సులభంగా అలవాటవుతుంది. బియ్యప్పిండి, కొబ్బరిపాలు పులియబెట్టి చిన్న మూకుడులో పోసే 'ఆప్ప' అంచులు కరకరలాడుతూ, నడుమ దూదిలా ఉంటుంది. నడుమ గుడ్డు కొట్టి పోస్తే అది 'బిత్తర ఆప్ప'. పక్కన నంజుకోవడానికి కొబ్బరికోరు, ఎండుమిరప, ఉల్లి, నిమ్మరసం కలిపి నూరిన 'పొల్ సంబోల్'. ఇందులో మాల్దీవుల ఎండుచేప పొడి కలపడం పరిపాటి కనుక శాకాహారులు ముందే అడిగి తెలుసుకోవాలి. సాయంత్రమైతే వేడి పెనం మీద రెండు రేకులతో రొట్టెను ముక్కలుగా కొట్టే 'కొత్తు' చప్పుడు వీధి చివరి వరకు వినిపిస్తుంది. మట్టికుండలో తోడుపెట్టిన గేదెపెరుగు మీద జీలుగు జాతి చెట్టు నుంచి తీసిన 'కితుల్' పానకం పోసుకుంటే భోజనం ముగిసినట్లే.

పేట్టా అంచున ఆప్పాలు పోసే ఒక తమిళ మహిళ వద్ద మేము ప్రతి శనివారం ఆగుతాము. సంక్షోభం తీవ్రంగా ఉన్న నెలల్లో ఆమె పొయ్యి వెలగలేదు. తరువాత కట్టెల పొయ్యితో మళ్లీ మొదలుపెట్టింది. 2023 జూలై నాటికి ద్రవ్యోల్బణం ఒంటి అంకెకు దిగింది. 2022 సెప్టెంబరులో అది 70 శాతానికి చేరువగా ఉన్నది. ఈ మాట చెప్పి, ఇక కష్టాలు తీరినట్లేనా అని ఒకనాడు అడిగాము.

"ధరలు పెరగడం ఆగిందంటున్నారు అయ్యా, దిగాయని మాత్రం ఎవరూ అనడం లేదు" అన్నదామె పిండి తిప్పుతూ.

ఆర్థికశాస్త్రం చెప్పేదీ ఇదే. ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు పెరిగే వేగం తగ్గడమే కాని, పాత ధరలు తిరిగి రావడం కాదు. 2024 చివరి నుంచి కొబ్బరికాయల కొరత ఏర్పడి, కాయ ధర 200 రూపాయల దాకా పోయింది. ఆమె ఆప్పం ధర పెంచలేదు. మూకుడులో పోసే పిండి కాస్త తగ్గించింది.

మైదానంలో సాయంత్రం

శనివారం సాయంత్రం కొలంబో అంతా గాల్ ఫేస్ మైదానానికి చేరుతుంది. 1859లో బ్రిటిషు గవర్నరు సర్ హెన్రీ వార్డ్ తీర్చిదిద్దించిన ఈ సముద్రతీరపు పచ్చికలో పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. పప్పు వడపై రొయ్యలు అద్ది వేయించే 'ఇస్సో వడె' బండ్లు వరుసగా నిలుస్తాయి. 2022 ఏప్రిల్ 9న ఇక్కడే నిరసనకారులు గుడారాలు వేశారు. 'గోట గో గామ' అని పేరు పెట్టుకున్న ఆ గుడారాల ఊరిలో వంటశాల, గ్రంథాలయం, వైద్యశిబిరం నడిచాయి. జూలై 9న జనం అధ్యక్ష భవనంలో ప్రవేశించారు. అయిదు రోజులకు గోటబయ రాజపక్స రాజీనామా చేశారు. ఇప్పుడు ఆ చోట రొయ్యల వడల బండ్లు తప్ప ఆనాటి జాడలు లేవు.

సింహాసనం ముందు

ఆదివారం జాతీయ మ్యూజియం చూడవచ్చును. 1877లో ప్రారంభమైన ఆ తెల్లని భవనంలో కాండీ రాజుల సింహాసనం ఉన్నది. డచ్చివారు కానుకగా ఇచ్చిన ఆ పీఠం 1815 తరువాత ఇంగ్లండు చేరి, 1934లో తిరిగివచ్చింది. 1739 నుంచి 1815 వరకు దానిపై కూర్చున్నవారు మధుర నాయకులతో సంబంధమున్న, తెలుగు మూలాలు గల నాయక వంశీయులు. వారిలో చివరివాడైన శ్రీవిక్రమ రాజసింహుడు బందీగా వేలూరు కోటకు చేరి, 1832లో అక్కడే కన్నుమూశాడు. నేడు ఈ దేశంలో తెలుగు వినిపించేది పాములాడించడం, సోది చెప్పడం వంశవృత్తులుగా గల 'అహికుంటిక' సంచారజాతి వారి నోట. వారి పిల్లలు సైతం క్రమంగా సింహళం, తమిళాలకు మారుతున్నారు.

ఎవరికి చవక?

2022లో భారతదేశం దాదాపు 400 కోట్ల డాలర్ల మేర రుణాలు, సరుకులు సమకూర్చి ఆదుకున్నది. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి సుమారు 300 కోట్ల డాలర్ల సహాయం మంజూరు చేసింది. అందుకు ప్రతిగా పన్నులు పెరిగాయి. 2024 జనవరిలో విలువ ఆధారిత పన్ను 18 శాతమైంది. 2024లో 20 లక్షలకు పైగా విదేశీ పర్యాటకులు వచ్చారు. వారిలో నాలుగు లక్షలకు పైగా భారతీయులే. అదే ఏడాది ఫిబ్రవరి నుంచి మన యూపీఐ చెల్లింపులు కూడా ఇక్కడ మొదలయ్యాయి. అయినా 2024లో జనాభాలో దాదాపు నాలుగో వంతు పేదరికంలోనే ఉన్నదని ప్రపంచ బ్యాంకు అంచనా.

కనుక మన యాత్రికులు రావాలి, తినాలి, కొనాలి. ఈ దేశానికి కావలసినదీ అదే. అయితే కాలిబాట మీద గొడుగు అమ్మేవాడితో, ఆప్పాలు పోసే ఆమెతో చివరి పది రూపాయల కోసం బేరమాడేటపుడు, మనకు దక్కిన చవక ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి తలచుకోవడం ధర్మం.

మా ఖర్చుల పుస్తకం ఇప్పటికీ ఉన్నది. ఆప్పాల ధర ఎందుకు పెంచలేదో తెలిసిన వారం నుంచి మా ఇల్లాలు రెండవ గడి రాయడం మానివేసింది.