భూనిధి

2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు పొంగింది. మరిపెడ మండలంలోని సీతారాం తండాను వరద ముంచెత్తింది. ఇలాంటప్పుడు నీరు ఎంతమేర పరుచుకుందో చెప్పాలంటే కొత్త ఉపగ్రహ చిత్రం ఒక్కటే చాలదు, పక్కన పెట్టి చూసేందుకు పాత చిత్రమూ ఉండాలి.

ఆ పాత చిత్రాలను దాచి, వెతికిచ్చే వేదికే భూనిధి. దీన్ని నడిపేది హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం. ఉపగ్రహాల సంకేతాలను షాద్‌నగర్‌లోని యాంటెనాలు అందుకుంటాయి.

వచ్చిన సమాచారం నేరుగా పనికిరాదు. ముందు వెలుగులో తేడాలు సరిచేయాలి. తర్వాత చిత్రంలోని ప్రతి బిందువునూ నేలమీది అసలు చోటుకు జతపరచాలి. తేదీ, ఉపగ్రహం, ప్రాంతం నమోదుచేయాలి. ఈ నమోదే అసలు ప్రాణం. అది లేకపోతే లక్షల ఫైళ్లున్నా వెతికి పట్టుకోలేం.

వానాకాలంలో మబ్బులు మామూలు కెమెరాకు అడ్డుపడతాయి. 2022లో ఇస్రో పంపిన ఈఓఎస్-04 ఉపగ్రహంలోని రాడార్ మబ్బుల్లోంచీ చూస్తుంది. నిశ్చలంగా ఉన్న నీరు రాడార్ చిత్రంలో నల్లగా కనిపిస్తుంది.

2023 అంతరిక్ష విధానం ప్రకారం 5 మీటర్లు, అంతకన్నా ముతక స్పష్టత గల ప్రభుత్వ ఉపగ్రహ చిత్రాలు ఉచితం. మన కళాశాలలు తమ ఊరి చెరువులు, వాగుల పాత చిత్రాలను ఇప్పుడే తీసి పరిశీలించాలి.