అతను బద్ధకస్తుడు కాదు

చదువుంది, తెలివుంది, కష్టపడే గుణమూ ఉంది. అయినా ఏ పనీ వేళకు తెమలదు. ఇంటా బయటా మాటలు పడుతూనే నలభైల్లోకి వచ్చేసిన మగవాళ్లలో కొందరి విషయంలో అసలు సంగతి, ధ్యాసను కావాల్సిన చోట నిలపనివ్వని ఏడీహెచ్‌డీ అనే సమస్య కావచ్చు. దాన్ని గుర్తించేదెలా? పరీక్షకు వెళ్లేదెలా?

రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో కాపురముంటున్న ఓ తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇంటాయన పార్వతీపురం నుంచి ఉద్యోగానికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. కరెంటు బిల్లుకు డబ్బుంది, ఫోన్లో యాప్ ఉంది, గడువు దగ్గరపడిందని మెసేజీలూ వచ్చాయి. అయినా బిల్లు కట్టేది లైన్‌మన్ గుమ్మంలోకి వచ్చాకే. బండి తాళాలు ఫ్రిజ్ మీద, కళ్లద్దాలు బాత్‌రూమ్‌లో. పొయ్యి మీద పాలు పెట్టి ‘ఒక్క నిమిషం’ అంటూ ఫోన్ తీశాడంటే, పాలు పొంగి మంట ఆరిపోయాకే గుర్తొస్తుంది. ఆఫీసు రిపోర్టు ఆఖరి రాత్రి దాకా ముట్టుకోడు. ఆ రాత్రి మాత్రం తెల్లవార్లూ కూర్చుని అందరికంటే బాగా రాసిస్తాడు.

అదే అతని కొంప ముంచుతుంది. ‘చేతగాక కాదు, చెయ్యడు’ అన్న ముద్ర పడిపోతుంది. బడిలో మాస్టారు, ఇంట్లో నాన్న, తర్వాత భార్య, ఆఫీసులో పైఅధికారి... అందరిదీ అదే మాట. చివరికి అతనూ నమ్మేస్తాడు. ఈ మనిషి కల్పితుడే కానీ ఇలాంటివాళ్లు మన మధ్య చాలామందే ఉన్నారు. 2021లో ప్రచురితమైన అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం చిన్నప్పుడు మొదలైన ఏడీహెచ్‌డీ పెద్దయ్యాక కూడా కొనసాగేవారు మొత్తం పెద్దవాళ్లలో దాదాపు 2.6 శాతం. అంటే సుమారు నలభై మందిలో ఒకరు.

నలభై ఒకటో ఏట తెలిసింది

‘పుష్ప’లో భన్వర్ సింగ్ షెకావత్‌గా తెలుగువాళ్లకు దగ్గరైన ఫహాద్ ఫాజిల్ 2024 మేలో కేరళలోని కోతమంగళంలో పిల్లల కోసం కట్టిన ఓ కేంద్రం ప్రారంభోత్సవానికి వెళ్లాడు. తనకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టు 41 ఏళ్ల వయసులో తేలిందని అక్కడ అందరి ముందూ చెప్పాడు. అప్పటికే ఆయన జాతీయ అవార్డు గెలుచుకున్న నటుడు. సమస్య ఉన్నంత మాత్రాన ప్రతిభ ఉండకూడదనీ లేదు, ప్రతిభ ఉంది కాబట్టి సమస్య లేదనీ కాదు. ఆ ఒక్క ప్రకటన ఈ రెండు అపోహల్నీ తుడిచేసింది.

మరి అంతకాలం ఎందుకు తెలియదు? లండన్ వైద్యుడు జార్జ్ స్టిల్ ఇలాంటి పిల్లల గురించి 1902లోనే ఉపన్యాసాలిచ్చాడు. కానీ చాలాకాలం పాటు వైద్యులు దీన్ని పిల్లల జబ్బుగానే చూశారు, పెద్దయితే పోతుందనుకున్నారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే నిర్ధారణ గ్రంథంలోనే పెద్దలకు తగినట్టుగా లక్షణాల సంఖ్యను తగ్గించారు. ఇవాళ నలభైల్లో ఉన్నవాళ్లు బడికి వెళ్లింది ఎనభైల్లో, తొంభైల్లో. అప్పుడు మన బళ్లలో దీనికి తెలిసిన మందు బెత్తం. గోల చేసేవాడు అల్లరివాడు, కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు మందబుద్ధి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచనే లేదు.

పెద్దయ్యాక పైకి కనిపించే దూకుడు తగ్గుతుంది. అది లోపలికి వెళ్తుంది. మీటింగ్‌లో కాళ్లు ఊగుతూనే ఉంటాయి. క్యూలో నిలబడటం నరకం. ఎదుటివాళ్లు మాట ముగించకుండానే అందుకుంటాడు. అవసరం లేనివి అప్పటికప్పుడు కొనేస్తాడు. ఉద్యోగం మీద విసుగొస్తే ఆ పూటే రాజీనామా రాసేస్తాడు. చాలామందికి ఇంతకాలం బండి నడిచిందంటే వెనక అమ్మో, భార్యో అన్నీ గుర్తుచేస్తూ వచ్చారు కాబట్టే. ప్రమోషన్, పిల్లలు, ఇంటి అప్పు ఒక్కసారే మీద పడ్డప్పుడు ఆ ఆసరా చాలదు. అప్పుడు బయటపడుతుంది.

మెదడులో ఏం జరుగుతుంది?

ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస లేకపోవడం కాదు, ధ్యాసను కావాల్సిన చోట నిలపలేకపోవడం. నచ్చిన పనిలో పడితే అన్నం సంగతే మర్చిపోయే మనిషి, నచ్చని పని మొదలే పెట్టలేకపోవడం అందుకే. పనిని ప్లాన్ చేయడం, తొందరపాటును ఆపుకోవడం, సమయాన్ని అంచనా వేయడం చూసుకునే మెదడు ముందు భాగంలో డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాల పనితీరులో తేడా ఉంటుంది. ఇది ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చేదే. కవలల మీద జరిగిన అధ్యయనాలు జన్యువుల వాటాను 70 నుంచి 80 శాతంగా లెక్కగట్టాయి. కొడుకును పరీక్షకు తీసుకెళ్లిన తండ్రి, డాక్టరు అడిగే ప్రశ్నలు వింటూ ‘ఇవన్నీ నాకూ ఉన్నాయే’ అనుకోవడం అందుకే మామూలు.

పట్టించుకోకపోతే నష్టం చిన్నదేమీ కాదు. కుంగుబాటు, మద్యం, తెగిపోయే సంబంధాలు, రోడ్డు ప్రమాదాలు... ఇవన్నీ ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో ఎక్కువ. స్వీడన్‌లో 17 వేల మందికి పైగా రోగుల వివరాలు చూసిన పరిశోధకులు 2014లో ఒక సంగతి చెప్పారు. ఏడీహెచ్‌డీ మందులు వాడుతున్న కాలంలో మగవాళ్లకు తీవ్రమైన రోడ్డు ప్రమాదాల ముప్పు సగానికి పైగా తక్కువగా కనిపించింది. భార్యాపిల్లల్ని బండి మీద ఎక్కించుకునే ప్రతి మగవాడూ పట్టించుకోవాల్సిన సంగతి ఇది.

సాక్ష్యం అమ్మ దగ్గరుంది

ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. డాక్టరు మాట్లాడే తేల్చాలి. డీఎస్‌ఎం-5 ప్రకారం పెద్దవాళ్లలో ఏకాగ్రతకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో ఐదైనా, లేదా దూకుడుకు సంబంధించిన తొమ్మిదిలో ఐదైనా కనీసం ఆరు నెలలుగా ఉండాలి. ఇల్లు, ఆఫీసు లాంటి రెండు చోట్లయినా కనిపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, వాటిలో కొన్ని పన్నెండేళ్లలోపే ఉండి ఉండాలి. ముప్పై ఐదో ఏట కొత్తగా మొదలైన మతిమరుపు ఏడీహెచ్‌డీ అనిపించుకోదు.

పొరుగు రాష్ట్రంలో ఉంటున్న మన తెలుగువాళ్లకు చిక్కు ఇక్కడే. బాల్యం ఒక ఊళ్లో, డాక్టరు ఇంకో ఊళ్లో. డాక్టరు అడిగేది హిందీలో, చూసిన అమ్మకు వచ్చింది తెలుగు. కాబట్టి ముందే ఊరికి ఒక ఫోన్ చేయాలి.

“అమ్మా, చిన్నప్పుడు బడిలో నేనెలా ఉండేవాణ్ణే?”

“నువ్వా? పలక ఇంటికి తెచ్చిన రోజుంటే కదా నాన్నా! ఏడాదికెన్ని పలకలు కొన్నామో మీ నాన్నగారికే తెలియాలి. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని వీధిలోకి పరిగెత్తేవాడివి. మాస్టారేమో ‘తెలివుందమ్మా, కుదురు లేదు’ అనేవారు.”

ఇలాంటి జవాబు వస్తే డాక్టరుకు అంతకు మించిన ఆధారం ఉండదు. దాన్ని తేదీ వేసి రాసుకోవాలి. ట్రంకుపెట్టెలో పాత ప్రోగ్రెస్ కార్డులుంటే ఫొటోలు తీసి పంపమనాలి. మార్కులకంటే మాస్టారు రాసిన ఒక్క వాక్యం ఎక్కువ పనికొస్తుంది. అమ్మ లేకపోతే అక్క, చిన్నాన్న, కలిసి చదివిన స్నేహితుడు, ఎవరైనా సరే. ఇప్పటి సంగతులు చెప్పడానికి భార్య కూడా రావాలి. చాలామంది మగవాళ్లు తమ ఇబ్బందిని తగ్గించి చెబుతారు, ఆవిడ ఉన్నదున్నట్టు చెబుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

మొదటి అడుగు ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో రూపొందిన ఏఎస్‌ఆర్‌ఎస్ అనే ప్రశ్నావళి. మొత్తం పద్దెనిమిది ప్రశ్నలు, వాటిలో మొదటి ఆరు ప్రాథమిక వడపోతకు. వాటిలో నాలుగు తగిలితే డాక్టరును కలవాలని మాత్రమే అర్థం. జబ్బు ఉన్నట్టు కాదు.

శంకర్ నగర్ నుంచి అయితే ఊరికి పడమర వైపున టాటీబంధ్‌లోని ఎయిమ్స్‌కు గానీ, స్థానికులు మేకాహారా అని పిలిచే అంబేడ్కర్ ఆసుపత్రికి గానీ వెళ్లి సైకియాట్రీ ఓపీలో చూపించుకోవచ్చు. పెద్దల ఏడీహెచ్‌డీని పరీక్షిస్తారా అని ముందే అడగాలి. ఏమీ పాలుపోకపోతే 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ-మానస్ అది. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

డాక్టరు థైరాయిడ్, నిద్రలో గురక, ఊపిరి ఆగడం, కుంగుబాటు, ఆందోళన, బైపోలార్, మద్యం గురించి కూడా అడుగుతాడు. వీటిలో దేనివల్లనైనా ఏకాగ్రత చెదరవచ్చు. అలా అడగకుండా పది నిమిషాల్లో తేల్చేస్తే ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడం మంచిది.

ఏడీహెచ్‌డీ అని తేలితే మందులున్నాయి. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు. అన్ని షాపుల్లో దొరకదు, చీటీ రెండు ప్రతులు కావాలి, ఒకటి షాపువాళ్లు దాచుకుంటారు. ఈ కట్టుబాట్లు దుర్వినియోగం కాకుండా ఆపడానికే, భయపడాల్సింది లేదు. మిథైల్‌ఫెనిడేట్ పడనివాళ్లకు ఆటమాక్సెటిన్ లాంటివి ఉన్నాయి. బీపీ, గుండె సంగతి చూశాకే మొదలుపెడతారు. స్నేహితుడి మాత్రలు వేసుకోవడం మాత్రం పనికిరాదు. మందుతో పాటు కౌన్సెలింగ్, పనిని ముక్కలుగా విడగొట్టుకోవడం, తాళాలకు ఒకే చోటు, బిల్లులకు ఆటోపే లాంటి ఏర్పాట్లు కూడా ఉండాలి.

‘ఆఫీసులో తెలిస్తే?’ అన్న భయంతో ఆగిపోయేవాళ్లు ఉన్నారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం చికిత్స వివరాల గోప్యత రోగి హక్కు. మీరు చెప్పమంటే తప్ప డాక్టరు మీ ఆఫీసుకు చెప్పడు.

మగవాడు సాయం అడగడం చేతకానితనం అనే మాట మనమే తరతరాలుగా నూరిపోశాం. దాన్ని మార్చాల్సిందీ మనమే. అమ్మలూ, మీ కొడుకు చిన్ననాటి సంగతులు దాచకుండా చెప్పండి. భార్యలూ, దెప్పడం ఆపి ఒక్కసారి ఆయన వెంట ఓపీకి వెళ్లండి. ఇది చదువుతూ ‘నా గురించే రాశారే’ అనుకున్న అన్నలూ, తమ్ముళ్లూ! పరీక్షలో ఏడీహెచ్‌డీ కాదని తేలినా అసలు కారణమేదో తెలుస్తుంది. అవునని తేలితే, ఇన్నేళ్లుగా మీరు మోస్తున్న నింద మీది కాదని తెలుస్తుంది. వాయిదా వేయకండి. పేజీ తిప్పేలోపు అపాయింట్‌మెంట్ తీసుకోండి.