కండరాలను కాటేసే ప్రోటీన్లు

పాము విషం అనగానే మనకు నాగుపాము, కట్లపాము గుర్తుకు వస్తాయి. వాటి విషం ముఖ్యంగా నాడీ వ్యవస్థపై పనిచేసి ఊపిరి ఆగిపోయేలా చేస్తుంది. కంటికీ ముక్కురంధ్రానికీ నడుమ వేడిని పసిగట్టే గుంటలు గల పిట్ వైపర్ల తీరు వేరు. వీటిలో చాలా జాతుల కాటుకు గురైనవారు ప్రాణాలతో బయటపడినా కాలో చెయ్యో పనికిరాకుండా పోవచ్చు. (మన రక్తపింజర కూడా వైపరే గాని దానికి ఈ గుంటలు ఉండవు.)

మధ్య అమెరికాలో పొలం పనులు చేసేవారిని తరచుగా కాటేసే పిట్ వైపర్ బోత్రాప్స్ ఆస్పర్. కోస్టారికాలోని క్లోడోమిరో పికాడో సంస్థ శాస్త్రజ్ఞులు దీని విషాన్ని దశాబ్దాలుగా పరిశోధిస్తున్నారు. అందులో కండరాన్ని చంపేవి ముఖ్యంగా ఫాస్ఫోలిపేజ్ ఎ2 కుటుంబానికి చెందిన చిన్న ప్రోటీన్లు.

ఈ కుటుంబపు ఎంజైములు కణపొరలోని ఫాస్ఫోలిపిడ్లను కత్తెరలా తెంచుతాయి. ఆ పనికి కాల్షియం కావాలి. దాన్ని పట్టి ఉంచేది 49వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం. అయితే 1984లో అమెరికాకు చెందిన కాటన్‌మౌత్ అనే పిట్ వైపర్ విషంలో ఒక వింత ప్రోటీన్‌ను వర్ణించారు. దానిలో 49వ స్థానంలో ఉన్నది లైసిన్! అంటే కత్తెరకు పదును లేదన్నమాట. బోత్రాప్స్ విషంలోనూ ఇటువంటివి ఉన్నాయి. పదును లేనిది హాని చేయకూడదు కదా? కాని అదీ కండరాన్ని చంపుతుంది. రహస్యం దాని తోక భాగంలో ఉంది. అక్కడ ధనావేశం గల అమైనో ఆమ్లాలు, నీటిని దూరం పెట్టే అమైనో ఆమ్లాలు పక్కపక్కనే ఉండి కణపొరను కలచివేస్తాయి. 115 నుంచి 129 వరకు గల ఆ ముక్కను మాత్రమే ప్రయోగశాలలో తయారుచేసి ప్రయోగించినా కణాలు చనిపోయాయి.

పొరకు గండి పడగానే బయటి కాల్షియం వరదలా లోపలికి వస్తుంది. కండర తంతువు అదుపు లేకుండా ముడుచుకుంటుంది, మైటోకాండ్రియా పాడవుతాయి, కణంలోని ఎంజైములే ఆ కణాన్ని అరగించడం మొదలుపెడతాయి. ఇదంతా కాటు పడిన కొద్ది నిమిషాల్లోనే ఆరంభమవుతుంది. అందుకే ఆలస్యంగా ఇచ్చిన విరుగుడు మందు మిగిలిన విషాన్ని అణచగలదే గాని చనిపోయిన కండరాన్ని బతికించలేదు.

నిజానికి కండరానికి తిరిగి పెరిగే శక్తి ఉంది. తంతువుల అంచున ఉండే ఉపగ్రహ కణాలు కొత్త తంతువులను నిర్మించగలవు. కాని వాటికి రక్తం అందాలి. ఇదే విషంలోని మెటాలోప్రోటీనేజ్ ఎంజైములు సన్నని రక్తనాళాలను ఛిద్రం చేస్తాయి కనుక కండరం స్థానంలో మచ్చ కణజాలం మిగులుతుంది. కాటు పైభాగాన తాడు బిగించి కట్టడం ఇటువంటి చోట మరీ ప్రమాదం: అది విషాన్ని ఒకేచోట నిలిపి, ఉన్న కాస్త రక్తప్రసరణనూ ఆపేస్తుంది.

మన పడమటి కనుమల్లోనూ పిట్ వైపర్లు ఉన్నాయి. మన దేశంలో దొరికే సాధారణ విరుగుడు మందును నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషంతో తయారుచేస్తారు. అక్కడి మూపురపు ముక్కు పిట్ వైపర్ విషాన్ని అది అణచలేదు. అందుకే ఫాస్ఫోలిపేజ్‌ను నేరుగా అడ్డుకునే వరెస్ప్లాడిబ్ అనే మందుపై ఆసక్తి పెరిగింది. మొదట వేరే జబ్బుల కోసం రూపొందించిన ఈ మందు, పదును లేని ఆ లైసిన్ ప్రోటీన్లను కూడా ప్రయోగశాలలో అడ్డుకోగలిగింది. నోటి ద్వారా ఇవ్వగల దాని రూపాన్ని భారత్, అమెరికాల్లో పాముకాటు రోగులపైనా పరీక్షించారు.