మీకు తెలుసా? బల్ల పైచెక్కకు కదిలే చోటు కావాలి

కోసిన చెక్కలో తేమ సుమారు 30 శాతానికి దిగువకు చేరాకే అది కుంచించుకుపోవడం మొదలవుతుంది. ఆ కుంచింపు నారల పొడవునా అతి స్వల్పం కాగా, అడ్డంగా, ముఖ్యంగా వార్షిక వలయాల వెంబడి, అనేక రెట్లు ఎక్కువ. పాలిష్ పూత తేమ రాకపోకలను నెమ్మదింపజేస్తుందే తప్ప పూర్తిగా ఆపలేదు. అందువల్ల నిపుణుడైన వడ్రంగి భోజనబల్ల పైచెక్కను కింది చట్రానికి జిగురుతో అతికించక, కోలగా తొలిచిన రంధ్రాలలో మరలు బిగించి, అది వానాకాలంలో ఉబ్బడానికీ వేసవిలో ముడుచుకోవడానికీ చోటు విడుస్తాడు. ఈ జాగ్రత్త లోపిస్తే ఎంత మేలైన టేకు పలకైనా నెర్రెలు విచ్చే ప్రమాదముంది. ఎవరి కంటా పడని అడుగుభాగానికి సైతం పూత వేయడం అవసరమే, ఎందుకంటే రెండు ముఖాలూ తేమను ఒకే వేగంతో పీల్చి వదలకపోతే పలక వంగిపోతుంది.